పింగ్ వెళ్తోంది, ఫైలు ఆగిపోతోంది: ఒకే రౌటర్ మీద నడిచిన వీల్యాన్‌ల కేసు

ఈ కేసులో లోపం ఎక్కడుందో తేల్చడానికి నాకు మూడు పనిదినాలు పట్టింది. తేలాక చూస్తే తేడా మొత్తం 4 బైట్లు. ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచే వీల్యాన్‌ల మధ్య, ఒకే రౌటర్‌తో రాకపోకలు నడిపే పద్ధతిని నెట్‌వర్క్ పనిలోకి వచ్చే ప్రతివారూ తొలి పాఠాల్లోనే నేర్చుకుంటారు. అమర్చి, పింగ్ చేసి (అవతలి పరికరం జవాబిస్తుందో చూసే చిన్న పరీక్ష), జవాబు రాగానే పని పూర్తయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. సంస్థ వివరాలు, ఐపీ చిరునామాలు ఇక్కడ మార్చాను. ఫ్రేముల (తీగ మీద డేటాను మోసే మూటల) పరిమాణాలు మాత్రం కొలిచినవి కొలిచినట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

సుమారు డెబ్బై కంప్యూటర్లున్న కార్యాలయం అది. ఉద్యోగుల కంప్యూటర్లు, ఫైల్ సర్వర్, ఐపీ ఫోన్లు, నిఘా కెమెరాలు, అతిథుల వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో కలిసి ఉండేవి. ఒకరోజు బయటి నుంచి వచ్చిన వ్యక్తి ల్యాప్‌టాప్‌లో లెక్కల విభాగం ఫోల్డర్ కనిపించింది. అప్పుడు వీటిని విడదీయాలని నిర్ణయించారు. ఆ పని నాకు వచ్చింది.

విడదీయడం స్విచ్ చేసే పని. విడిపోయిన వాటి మధ్య అవసరమైనంత దారి ఇవ్వడానికి రౌటర్ గానీ మూడో పొర స్విచ్ (రౌటింగ్ కూడా చేయగల స్విచ్) గానీ కావాలి. ఉన్న రౌటర్‌నే వాడుకుందామన్నాను. విభాగాల మధ్య తిరిగే ట్రాఫిక్ తక్కువేనని ముందే కొలిచి చూశాను. ఎవరు ఎవరిని చేరవచ్చో చెప్పే ఏసీఎల్ నియమాలన్నీ ఒకేచోట ఉంటాయన్నది మరో కారణం. ఇంత జరిగాక కూడా ఆ ఎంపిక సరైనదేనని నా అభిప్రాయం.

వీల్యాన్ 10 ఉద్యోగులకు, 20 సర్వర్లకు, 30 ఫోన్లకు, 40 కెమెరాలకు, 50 అతిథులకు కేటాయించాను. పరికరాల నిర్వహణకు 99. దాన్నే నేటివ్ వీల్యాన్‌గా పెట్టాను. అంటే అన్ని వీల్యాన్‌ల ఫ్రేములనూ మోసే ట్రంక్ లింకు మీద మిగతావాటికి వీల్యాన్ సంఖ్య తెలిపే ట్యాగు ఉంటుంది, ఆ ఒక్కదాని ఫ్రేములు ట్యాగు లేకుండా వెళ్తాయి. ప్రధాన స్విచ్ నుంచి రౌటర్‌కు ఒకే ట్రంక్ లింకు, వేగం 100 ఎంబీపీఎస్. రౌటర్ వైపు ఆ ఒక్క పోర్టులోనే ఆరు సబ్‌ఇంటర్‌ఫేసులు (ఒకే పోర్టులో విడివిడి పోర్టుల్లా పనిచేసే భాగాలు), ఒక్కొక్కటీ ఒక్కో వీల్యాన్‌కు గేట్‌వే, అంటే బయటికి వెళ్లే ద్వారం. ఇంటర్నెట్ లైను రౌటర్ రెండో పోర్టులో, పీపీపీఓఈ అనే కనెక్షన్ పద్ధతిలో వస్తుంది.

ఈ అమరికలో వీల్యాన్ 10లోని కంప్యూటర్ 20లోని సర్వర్‌ను చేరాలంటే, ఫ్రేము 10 అనే ట్యాగుతో స్విచ్ నుంచి రౌటర్‌కు వెళ్తుంది. రౌటర్ ఆ ట్యాగు తీసేసి, దారి చూసి, 20 అనే ట్యాగు తగిలించి అదే తీగ మీద వెనక్కి పంపుతుంది. సర్వర్ పక్క బల్ల మీదే ఉన్నా ప్యాకెట్ (ఫ్రేము లోపల ఉండే ఐపీ డేటా) రౌటర్ దాకా వెళ్లి రావలసిందే.

రౌటర్ ఇంటర్నెట్ లైను ముగిసే గదిలో ఉంది. స్విచ్‌లన్నీ భవనానికి అవతలి చివర ఉన్నాయి. నాకిచ్చిన నెట్‌వర్క్ పటంలో ఈ రెండింటి మధ్య ఒక తిన్నని గీత ఉంది. ఆ గీతను నేను నమ్మాను.

శనివారం మార్పు చేశాను. బ్రాడ్‌కాస్ట్‌లు (అందరికీ ఒకేసారి వెళ్లే సందేశాలు) వీల్యాన్ దాటవు కాబట్టి, ఐపీ చిరునామా కోరే సందేశాలను చిరునామాలిచ్చే సర్వర్‌కు చేర్చే డీహెచ్‌సీపీ రిలేను ప్రతి సబ్‌ఇంటర్‌ఫేసులో పెట్టాను. ప్రతి వీల్యాన్ నుంచి మిగతా వాటికి పింగ్ చేశాను. వెబ్ పేజీలు తెరిచాను, ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు మాట్లాడాను. అన్నీ పనిచేశాయి.

వచ్చిన సమస్య

సోమవారం ఉదయం మొదటి ఫిర్యాదు లెక్కల విభాగం నుంచి వచ్చింది. సర్వర్ కనిపిస్తోంది, పాస్‌వర్డ్ తీసుకుంటోంది, ఫైలు తెరవబోతే మాత్రం అక్కడే ఆగిపోతోంది. అక్కడి ఉద్యోగిని ఒక మాట అన్నారు: “తక్కువ ఫైళ్లున్న ఫోల్డర్ తెరుచుకుంటోందండీ, ఎక్కువున్నది తెరుచుకోవడం లేదు.” ఆ మాటను రాసుకున్నాను కానీ దాని మీద ఆలోచించలేదు. అది చాలా విలువైన పరిశీలన అని రెండో రోజు సాయంత్రం గానీ నాకు తెలియలేదు.

కెమెరాల దృశ్యాలు కూడా చెదిరిపోతున్నాయని మధ్యాహ్నం చెప్పారు. కదలిక లేనప్పుడు కాసేపు బాగుంటుంది, ఎవరైనా నడిచి వెళ్లగానే బొమ్మ ముక్కలవుతుంది. రికార్డర్ వీల్యాన్ 20లో ఉంది. దీన్ని వేరే సమస్యగా లెక్కవేసి పక్కన పెట్టాను. ఫోన్లు చక్కగా పనిచేస్తున్నాయి, ఇంటర్నెట్ కూడా బాగుంది.

ఏమేం చూశాను, ఎందుకు

మొదట సర్వర్‌లోని ఫైర్‌వాల్‌ను అనుమానించాను. ఇంతకుముందు కంప్యూటర్లన్నీ సర్వర్ నెట్‌వర్క్‌లోనే ఉండేవి, ఇప్పుడు బయటి నెట్‌వర్క్ నుంచి వస్తున్నాయి. ఫైర్‌వాల్‌ను కాసేపు ఆపి చూశాను, మార్పు లేదు. ఒక ఉద్యోగి కంప్యూటర్‌ను తాత్కాలికంగా వీల్యాన్ 20లోకి మార్చాను. ఫైళ్లన్నీ వెంటనే తెరుచుకున్నాయి. దీంతో సర్వర్ బాగానే ఉందని, సమస్య రౌటర్ దాకా వెళ్లొచ్చే దారిలోనే ఉందని తేలింది.

తర్వాత ఏసీఎల్. నియమాలన్నీ తీసేసి చూశాను, ఫలితం అదే. నిజానికి ఇక్కడ కాస్త ఆలోచిస్తే తీయవలసిన అవసరమే ఉండేది కాదు. ఏసీఎల్ చిరునామానూ పోర్టునూ చూసి ఒక సంభాషణను అనుమతిస్తుంది లేదా ఆపుతుంది. పాస్‌వర్డ్ దాకా రానిచ్చి, అదే కనెక్షన్‌లో ఫైలు దగ్గర ఆపదు.

పాత అమరికల ప్రభావమేమీ లేని కొత్త వీల్యాన్‌లో పరీక్షిద్దామని 60 అనేదాన్ని సృష్టించాను. దాన్ని ట్రంక్ మీద అనుమతించే ఆదేశంలో ‘యాడ్’ అనే పదం మరిచిపోయాను. ఆ పదం లేకపోతే స్విచ్ పాత జాబితాకు 60ని చేర్చదు. పాత జాబితాను చెరిపేసి 60ని మాత్రమే ఉంచుతుంది. క్షణంలో మిగతా వీల్యాన్‌లన్నిటికీ రౌటర్‌తో సంబంధం తెగింది. నేను స్విచ్‌ను చేరే దారి కూడా అదే రౌటర్ మీదుగా ఉంది కాబట్టి నా కనెక్షనూ పోయింది. స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ తీగ తీసుకుని స్విచ్ దగ్గరికి పరుగెత్తి సరిచేశాను. ఒకే ట్రంక్ మీద అంతా ఆధారపడినప్పుడు ఆ ట్రంక్ ఆదేశాలను పనివేళల్లో ముట్టుకోకూడదు. అప్పటి నుంచి నేను ముట్టుకోవడం లేదు.

రెండో రోజు లింకు నిండిపోతోందేమో చూశాను. ఒకే తీగ మీద వెళ్లి అదే తీగ మీద తిరిగిరావడం ఈ పద్ధతిలో అందరికీ తెలిసిన బలహీనత కాబట్టి ఆ అనుమానం సహజం. కౌంటర్లు చూస్తే 100లో 5 ఎంబీపీఎస్ కూడా వాడకంలో లేదు, రౌటర్ ప్రాసెసర్ ఖాళీగా ఉంది. పైగా లింకు నిండితే పని నెమ్మదిస్తుంది, రద్దీని బట్టి మారుతుంది. ఇక్కడ ఎవరూ లేని వేళలో కూడా అదే ఫైలు అక్కడే ఆగుతోంది. నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. ఈ తేడాను మొదటి రోజే పట్టుకోవలసింది.

లింకు రెండు చివరల్లో ఒకటి ఒకేసారి పంపి, అందుకుంటూ, రెండోది వంతులవారీగా చేసే డూప్లెక్స్ తేడా ఉంటే లోపాల కౌంటర్లు పెరగాలి. స్విచ్ వైపూ రౌటర్ వైపూ అన్నీ సున్నాలే. పొరుగు పరికరాలను చూపే సీడీపీలో కూడా స్విచ్‌కు ఎదురుగా రౌటరే కనిపించింది. రెండు చివరలా ఏ తప్పూ లేదు, మధ్యలో ఏమీ లేదు. పటంలోని తిన్నని గీత నిజమేనని నాకు మరింత నమ్మకం కలిగింది.

సగం పనిచేసిన పరిష్కారం

అప్పుడు సహోద్యోగి ఒకరు టీసీపీ (ఫైళ్ల వంటివి పంపడానికి వాడే కనెక్షన్ పద్ధతి) ఎంఎస్‌ఎస్ తగ్గించి చూడమన్నారు. టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు రెండు వైపులా తాము తీసుకోగల అతిపెద్ద భాగం ఎంతో చెప్పుకుంటాయి. సాధారణంగా అది 1,460 బైట్లు. మధ్యలో ఉన్న రౌటర్ ఆ అంకెను తగ్గించి రాయగలదు. సబ్‌ఇంటర్‌ఫేసులన్నిటిలో 1,400 పెట్టాను. ఆ నిమిషం నుంచే ఫైళ్లు తెరుచుకున్నాయి. లెక్కల విభాగం నుంచి ధన్యవాదాలు చెబుతూ ఫోన్ వచ్చింది.

అక్కడితో ఆపేయాలని నాకు బలంగా అనిపించింది. ఆపనివ్వనివి కెమెరాలు. వాటి దృశ్యాలు టీసీపీలా ముందు కనెక్షన్ పెట్టుకోని యూడీపీలో వస్తాయి, ఎంఎస్‌ఎస్ సర్దుబాటు యూడీపీకి వర్తించదు. బొమ్మ ఇంకా చెదురుతూనే ఉంది. రెండు ఫిర్యాదులు ఒకే లోపానికి రెండు ముఖాలని అప్పుడు అర్థమైంది. కదలిక లేనప్పుడు కెమెరా చిన్న ప్యాకెట్లు పంపుతుంది, కదలిక రాగానే నిండు ప్యాకెట్లు పంపుతుంది. ఫైళ్లు తక్కువున్న ఫోల్డర్ జాబితా ఒక చిన్న ప్యాకెట్‌లో సరిపోతుంది, ఎక్కువున్నది సరిపోదు. ఫోన్ మాట ప్యాకెట్ సుమారు 200 బైట్లే. చిన్నవి వెళ్తున్నాయి, పెద్దవి పోతున్నాయి. ఆ ఉద్యోగిని సోమవారం ఉదయమే ఈ మాట చెప్పారు.

కొలత

పింగ్ మామూలుగా కొన్ని పదుల బైట్లే పంపుతుంది. ఆ పరిమాణాన్ని మనం పెంచవచ్చు, మధ్యలో ఎవరూ ముక్కలు చేయవద్దనే గుర్తు కూడా పెట్టవచ్చు. ఎంఎస్‌ఎస్ సర్దుబాటు పింగ్‌ను తాకదు కాబట్టి దాన్ని అలాగే ఉంచి కొలవడం మొదలుపెట్టాను. వీల్యాన్ 10 నుంచి సర్వర్‌కు 1,472 బైట్లతో పంపితే జవాబు లేదు. 1,400తో పంపితే వచ్చింది. మధ్యకు మధ్య పట్టుకుంటూ వెళ్తే హద్దు దొరికింది. 1,468 వెళ్తోంది, 1,469 పోతోంది. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఆ అంకెను కాగితం మీద వేశాను. 1,468కి పింగ్ వాడే ఐసీఎంపీ శీర్షిక 8, ఐపీ శీర్షిక 20 కలిపితే 1,496. దానికి ఈథర్‌నెట్ శీర్షిక 14, చివర లోపాలు పట్టే సరిచూపు సంఖ్య 4 కలిపితే 1,514. ట్రంక్ మీద వీల్యాన్ ట్యాగు 4 కలిపితే 1,518. ట్యాగు పుట్టక ముందు ఈథర్‌నెట్ ఫ్రేముకున్న గరిష్ఠ హద్దు సరిగ్గా అదే. 802.1క్యూ ట్యాగుకు (ఈ వీల్యాన్ ట్యాగే) చోటివ్వడానికి 1998లో 802.3ఏసీ ప్రమాణం ఆ హద్దును 1,522కు పెంచింది. నా స్విచ్‌కూ రౌటర్‌కూ ఆ సంగతి తెలుసు. దారిలో దాన్ని పట్టించుకోనిది ఏదో ఉంది.

అనుమానాన్ని రూఢి చేసుకోవడానికి రెండు పరీక్షలు చేశాను. వీల్యాన్ 10 కంప్యూటర్ నుంచి దాని సొంత గేట్‌వేకే 1,472 పంపాను, పోయింది. ఇందులో రౌటింగ్ లేదు. ప్యాకెట్ మరో వీల్యాన్‌కు వెళ్లడం లేదు. కాబట్టి రౌటింగ్ పట్టిక, ఏసీఎల్ వంటివన్నీ ఒక్కదెబ్బతో అనుమానితుల జాబితా నుంచి తొలగిపోయాయి. తర్వాత ల్యాప్‌టాప్‌ను వీల్యాన్ 99 పోర్టుకు తగిలించి ఆ గేట్‌వేకు అదే 1,472 పంపాను, జవాబు వచ్చింది. స్విచ్, తీగ, రౌటర్ పోర్టు అన్నీ అవే. నేటివ్ వీల్యాన్ కాబట్టి ట్యాగు మాత్రమే లేదు. ఈ కేసులో నన్ను అన్నిటికన్నా ఒప్పించిన పరీక్ష ఇదే.

మిగిలిన చిక్కు ఇంటర్నెట్. అది కూడా ట్యాగుతో ఇదే ట్రంక్ మీద వెళ్తున్నప్పుడు ఎందుకు దెబ్బతినలేదు? పీపీపీఓఈకి 8 బైట్లు పోతాయి కాబట్టి ఆ లైను మీద ఐపీ ప్యాకెట్ గరిష్ఠంగా 1,492. అందుకు తగ్గట్టు ఆ వైపు ఎంఎస్‌ఎస్ 1,452గా ముందే పెట్టి ఉంది. 1,492 ఐపీ ప్యాకెట్ ట్యాగుతో కలిసి 1,514 బైట్ల ఫ్రేము అవుతుంది, హద్దుకు 4 బైట్ల లోపలే. లైను మీది ఆ చిన్న ఇరుకు ట్రంక్ మీది లోపాన్ని కప్పేసింది. ఇంటర్నెట్ బాగుంది కాబట్టి ట్రంక్ బాగుందని నేను వేసుకున్న లెక్క అక్కడే తప్పింది.

గీత మధ్యలో ఉన్నది

మూడో రోజు తీగ వెంట నడిచాను. స్విచ్ నుంచి బయలుదేరిన రాగి తీగ గోడ వెనక చిన్న పెట్టెలో ముగిసింది. అక్కడ ఒక మీడియా కన్వర్టర్ (రాగి తీగ సంకేతాన్ని ఫైబర్ వెలుతురుగా మార్చే పరికరం), దాని నుంచి ఫైబర్, రౌటర్ గది పైకప్పు దగ్గర రెండో కన్వర్టర్. భవన నిర్వహణ చూసే పెద్దాయనను అడిగితే, “దూరం ఎక్కువని మొదట్లోనే పెట్టారండీ” అన్నారు. ఆయన చెప్పింది సబబే. రాగి తీగ మీద ఈథర్‌నెట్‌కు 100 మీటర్లే హద్దు.

కన్వర్టర్లలో రెండు రకాలున్నాయి. కొన్ని వచ్చిన సంకేతాన్ని వచ్చినట్టే వెలుతురుగా మార్చి పంపుతాయి, వాటికి ఫ్రేము పొడవుతో పని లేదు. కొన్ని ఫ్రేమును పూర్తిగా తీసుకుని నిలవ చేసి, ఆ తర్వాత పంపుతాయి. ఇవి రెండో రకం. 1,518 దాటిన ఫ్రేమును చెప్పాపెట్టకుండా పారేస్తున్నాయి. వీటికి ఐపీ చిరునామా లేదు, కౌంటర్లు లేవు. ఫ్రేము మధ్యలోనే పోతోంది కాబట్టి చివరల్లో లోపం నమోదు కాదు. సీడీపీ సందేశాలు చిన్నవి, అవి దాటిపోతాయి కాబట్టి రౌటరే పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. ప్యాకెట్ పెద్దదైందని తిరిగి చెప్పే ఐసీఎంపీ సందేశం పంపడం మూడో పొర పరికరం చేసే పని; వీటి నుంచి అదీ రాదు. వీల్యాన్‌లు లేని రోజుల్లో ఫ్రేములకు ట్యాగు లేదు, అందుకే ఎన్నాళ్లుగానో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేశాయి.

డబ్బు ఖర్చు పెట్టమని అడిగే ముందు రుజువు కావాలనుకున్నాను. అదే అమరికతో ఒక అదనపు రౌటర్‌ను స్విచ్ పక్కనే పెట్టి పొట్టి తీగతో కలిపాను. పరీక్షకు వేరే చిరునామాలు ఇచ్చాను. 1,472 ప్రతి వీల్యాన్‌లోనూ వెళ్లింది. ఇక చర్చకు తావు లేదు.

కన్వర్టర్లను మార్చకుండా సర్దుకునే దారులు కూడా ఆలోచించాను. రౌటర్ సబ్‌ఇంటర్‌ఫేసుల ఎంటీయూను (పంపగల అతిపెద్ద ఐపీ ప్యాకెట్ పరిమాణం) 1,496కు తగ్గిస్తే రౌటర్ పంపేవి మాత్రమే చిన్నవవుతాయి. కంప్యూటర్ల నుంచి రౌటర్‌కు వచ్చే నిండు ఫ్రేములు దాన్ని చేరకముందే పోతాయి. ప్రతి కంప్యూటర్, కెమెరా, ప్రింటర్‌లో ఎంటీయూ మార్చవచ్చు, కానీ రేపు వచ్చే ప్రతి కొత్త పరికరానికీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని మార్చాలి. ఆ భారాన్ని మరొకరి మీద వదిలి వెళ్లడం నాకు న్యాయంగా తోచలేదు.

స్విచ్ చివర ఫైబర్‌ను నేరుగా స్విచ్‌లో అమర్చే ఎస్‌ఎఫ్‌పీ అనే ఫైబర్ మాడ్యూల్‌కు కలిపాం. రౌటర్‌కు ఆ సదుపాయం లేదు కాబట్టి అక్కడ పెద్ద ఫ్రేములను అనుమతించే గిగాబిట్ కన్వర్టర్ పెట్టాం. ఎంఎస్‌ఎస్ సర్దుబాటు తీసేసి, ఆ తర్వాతే పరీక్షించాను. అది ఉండగా ఫైళ్లు తెరుచుకున్నా కొత్త పరికరం గురించి ఏమీ రుజువు కాదు. 1,472 పింగ్ అన్ని వీల్యాన్‌లలో వెళ్లింది, కెమెరాల బొమ్మ నిలబడింది.

ఆ తర్వాత వచ్చినది

రెండు వారాలకు, మధ్యాహ్నం పూట బయటి ఫోన్ కాల్స్‌లో మాట తెగుతోందన్నారు. లోపలి ఫోన్ల మధ్య మాత్రం బాగుంది. లోపలి కాల్ వీల్యాన్ 30లోనే తిరుగుతుంది, బయటి కాల్ ట్రంక్ ఎక్కుతుంది. కాబట్టి ఈసారి నేరుగా ట్రంక్ వాడకం చూశాను. నిజంగానే నిండుతోంది. ఫైల్ సర్వర్ బ్యాకప్ తీసుకునే పరికరం ఉద్యోగుల గదిలో ఉండటం వల్ల వీల్యాన్ 10లో పడింది. బ్యాకప్ నడుస్తున్నంతసేపు ప్రతి బైటూ ఒకసారి రౌటర్‌కు ఎక్కి, ఒకసారి దిగుతోంది. కొత్త గిగాబిట్ కన్వర్టర్‌తో లింకు ఇప్పుడు రెండు వైపులా చెరో 1 జీబీపీఎస్ ఇచ్చినా, వీల్యాన్‌ల మధ్య సాగే ఒక్క కాపీ రెండు వైపులనూ ఒకేసారి నింపుతుంది. వీల్యాన్‌ల మధ్య ప్రవాహాలన్నీ, రానూపోనూ కలిపి, 1 జీబీపీఎస్‌కు మించవు. మొదట ట్రాఫిక్ కొలిచినప్పుడు నేను బ్యాకప్ వేళను చూడలేదు.

సర్వర్‌కు రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టి నేరుగా వీల్యాన్ 10లోకి కలపమని ఒక సలహా వచ్చింది. వేగం వస్తుంది, కానీ ఏసీఎల్‌ను పక్కకు నెట్టి దొడ్డిదారి తెరిచినట్టవుతుంది. ఏ పని కోసం వీల్యాన్‌లు పెట్టామో ఆ పనే చెడుతుంది. బ్యాకప్ పరికరం పోర్టును వీల్యాన్ 20లోకి మార్చాను, ఆ ట్రాఫిక్ ట్రంక్ ఎక్కడమే మానేసింది. ట్యాగులోని 4 బైట్లలో 12 బిట్లు వీల్యాన్ సంఖ్యకైతే 3 బిట్లు ప్రాధాన్యానికి ఉన్నాయి. వాటితో ఫోన్ ఫ్రేములను ముందు పంపేలా స్విచ్‌లోనూ రౌటర్‌లోనూ అమర్చాను.

ఇప్పుడు ఇలాంటి పనుల్లో నా వరుస మారింది. ట్యాగు పెట్టబోయే ప్రతి లింకు వెంట ముందుగా నడిచి చూస్తాను, పటం ఏం చెప్పినా. అమర్చాక ప్రతి వీల్యాన్ నుంచి గేట్‌వేకు 1,472 బైట్ల పింగ్, ఆ తర్వాత వీల్యాన్ దాటించి ఒక పెద్ద ఫైలు కాపీ, ఆ తర్వాతే అప్పగింత. ట్రాఫిక్‌ను కనీసం ఒక పూర్తి వారం పాటు, బ్యాకప్ వేళలతో సహా కొలుస్తాను. ఫిర్యాదు చేసినవారి మాటను రాసుకున్నాక, ఏవి వెళ్తున్నాయో, ఏవి ఆగుతున్నాయో వారినే మళ్లీ అడుగుతాను.

ఆ కార్యాలయం పటాన్ని కూడా తిరిగి గీశాను. స్విచ్‌కూ రౌటర్‌కూ మధ్య గీత మీద ఇప్పుడు ఫైబర్, మాడ్యూల్, కన్వర్టర్ ఉన్నాయి. వాటి పక్కన ఒక్కొక్కటి ఎంత పెద్ద ఫ్రేమును దాటనిస్తుందో రాసి ఉంది.